వాక్యం కట్టే ఆట: పాతశైలి సాహసక్రీడల రచన గురించి కొన్ని ఆలోచనలు

అవధాన సభలకు వెళ్ళే రసికులలో రెండు తెగలవారుంటారు. పూరణ ముగియగానే కరతాళధ్వనులు చేసి, ఇల్లు చేరేలోగా పద్యాన్ని మరచిపోయేవారు ఒక తెగ. ఆ పద్యాన్ని చీటీమీద రాసుకొని, మరునాడు ఉదయం తీరికగా చదివి, సభావేడుక చల్లారిన తరువాత కూడా అది నిలబడుతుందో లేదో పరీక్షించేవారు రెండవ తెగ. సమస్య ఇచ్చిన క్షణానికీ పూరణకూ నడుమనున్న వ్యవధి ఎంత తక్కువైనా, నిషిద్ధాక్షరిలో ఎన్ని అక్షరాలు నిషిద్ధమైనా, పద్యం పద్యంగా నిలవాలని వీరి పట్టుదల. ఈ వ్యాసకర్త రెండవ తెగకు చెందినవాడు. కంప్యూటర్ ఆటలను గురించి రాయవలసి వచ్చినా ఆ అలవాటు మానలేకపోతున్నాడు.

గేమ్ జామ్ అనే పోటీ అవధానానికి దూరపు బంధువు. ఆట తయారుచేసేవారు ఒక నియమిత కాలవ్యవధిలో, అప్పటికప్పుడు ప్రకటించిన ఇతివృత్తంపై, మొదటినుంచి చివరివరకు ఒక సంపూర్ణమైన ఆటను నిర్మించాలి. 2002లో అమెరికాలోని ఓక్లండ్‌లో జరిగిన ఇండీ గేమ్ జామ్, అదే సంవత్సరం మొదలైన లూడమ్ డేర్ ఈ పద్ధతికి ఆద్యాలు. 2009లో ప్రారంభమైన గ్లోబల్ గేమ్ జామ్ అనేక దేశాలలో ఒకే వారాంతంలో 48 గంటల గడువుతో ఈ వేడుకను జరిపింది. రెండు వారాలు, నెల రోజులు గడువిచ్చే పోటీలూ ఉన్నాయి. గడువు హ్రస్వమైనప్పుడు చాలామంది చిన్న చిన్న గెంతులాటలతో సరిపెట్టుకొంటారు. కొందరు మాత్రం మాటలతో, బొమ్మలతో, కథతో కూడిన పాతకాలపు సాహసక్రీడను ఎంచుకొంటారు. ఇది కష్టమైన ఎంపిక. గెంతులాటలో ఒక కదలికను నిర్మిస్తే అది వందసార్లు పనికివస్తుంది. సాహసక్రీడలో ప్రతి దృశ్యమూ, ప్రతి సంభాషణా ఒక్కసారికే ఖర్చయిపోతుంది. కథారచనలో మాదిరిగానే.

ఈ ప్రక్రియను ఎరుగని పాఠకులకోసం రెండు మాటలు. తెరమీద ఒక దృశ్యం కనిపిస్తుంది: ఒక సత్రం, ఒక అడవి, ఒక కోటగుమ్మం. అందులో కథానాయకుడు నిలబడి ఉంటాడు. ఆడేవారు మౌస్‌తో ఒక వస్తువును చూపి నొక్కితే అతడు అక్కడికి నడుస్తాడు, దాన్ని పరిశీలిస్తాడు, తీసుకొంటాడు, ఎదుటివారితో మాట్లాడతాడు. చిక్కుముడులు విప్పుతూ కథను ముందుకు నడపాలి. చావు, తరుముడు, తుపాకి మోత ఇందులో ప్రధానం కావు. తీరిక, కుతూహలం ప్రధానం. 1970ల నడిమిభాగంలో గుహాన్వేషకుడైన విల్ క్రౌథర్ రాసి, 1977లో డాన్ వుడ్స్ విస్తరించిన ‘ఎడ్వెంచర్’లో బొమ్మలు లేనే లేవు. అంతా పాఠ్యమే. ఆడేవారు కూడా ఇంగ్లీషులో ఆజ్ఞలు టైపు చేయాలి. 1984లో రాబర్టా విలియమ్స్ రూపొందించిన ‘కింగ్స్ క్వెస్ట్’లో బొమ్మలు వచ్చాయి గాని టైపు చేయడం తప్పలేదు. రచయిత తలచిన క్రియాపదమే ఆడేవారికీ తోచకపోతే కథ అక్కడే ఆగిపోయేది. ఇంగ్లీషు మాతృభాష కానివారికి ఇది ఆట కాదు, పరీక్ష.

1987లో లూకాస్‌ఫిల్మ్ సంస్థ ‘మేనియాక్ మాన్షన్’తో ఈ ఇబ్బందిని తొలగించింది. రాన్ గిల్బర్ట్, ఎరిక్ విల్మండర్ రూపొందించిన స్కమ్ అనే నిర్మాణపద్ధతిలో తెర అడుగుభాగాన 15 క్రియాపదాలు కనబడతాయి. ‘తెరువు’ అన్న మాటను నొక్కి, బొమ్మలోని తలుపును నొక్కితే, మధ్యనున్న ఒక వరుసలో వాక్యం పూర్తవుతుంది. 1991 నాటి ‘మంకీ ఐలండ్’ రెండవ భాగానికి వచ్చేసరికి క్రియలు 9 అయ్యాయి. ఆడేవారు కళ్ళముందే ఒక వాక్యాన్ని కడతారు. కథానాయకుడు ఆ వాక్యానికి కట్టుబడతాడు. ఈ ప్రక్రియకు ప్రాణం ఆ వాక్యవరుసలో ఉందని నా అభిప్రాయం. నేటి జామ్‌లలో పాతశైలిని అనుకరించేవారు 320 × 200 చుక్కల తెరను, 16 రంగుల పళ్ళాన్ని, గరగరలాడే సంగీతాన్ని శ్రద్ధగా పునఃసృష్టిస్తారు. వాక్యాన్ని గురించి మాత్రం ఆలోచించరు. ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టుకొంటారు. పాతదనం కంటికి దక్కుతుంది గాని మాటకు దక్కదు.

ఆలోచించినవారి చేతిలో ఏమి జరుగుతుందో చూడడానికి 1990లో బ్రయన్ మోరియార్టీ రూపకల్పన చేసిన ‘లూమ్’ను మించిన ఉదాహరణ లేదు. ఆ పేరుకు మగ్గమని అర్థం. అది జామ్‌లో పుట్టినది కాదు, పెద్ద సంస్థ వారి పుస్తకమంత శ్రద్ధగల నిర్మాణం. అయినా తక్కువలో ఎక్కువ చెప్పదలచినవారు పాఠ్యగ్రంథంగా చదవదగినది. వృత్తిసంఘాలు రాజ్యాలుగా మారిన ఒక కల్పనాలోకం. నేతగాళ్ళు, గాజుపనివారు, గొర్రెలకాపరులు, కమ్మరులు, మతాధికారులు ఎవరికి వారు. నేతగాళ్ళ సంఘంలో పుట్టిన అనాథ యువకుడి పేరు బాబిన్. అంటే నూలుకండె. అతనికి క్రియాపదాల పట్టిక లేదు, సంచి నిండా వస్తువులు లేవు. నూలు వడికేవారు ఉన్ని చుట్టి పట్టుకొనే కర్ర ఒక్కటే ఉంది. దానిపై నాలుగు స్వరాలు పలికిస్తే అది ఒక మంత్రం. మంత్రానికి వాడిన ఇంగ్లీషు పేరే మగ్గంపై అల్లిక నమూనాకు నేతగాళ్ళు వాడే పేరు. ఆ శ్లేష ఆట మొత్తాన్నీ పడుగులా పట్టి ఉంచింది.

ఇందులో మరొక మెలిక ఉంది. స్వరాలను తలకిందులుగా పలికిస్తే మంత్రం వ్యతిరేకఫలాన్నిస్తుంది. మూసినదాన్ని తెరిచే స్వరవరుసే విలోమంగా తెరిచినదాన్ని మూస్తుంది. రంగు అద్దేది రంగు వెలయింపజేస్తుంది. ఎటునుంచి చదివినా ఒకటిగా ఉండే స్వరవరుసకు మాత్రం విలోమం లేదు. మన చిత్రకవిత్వంలో అనులోమ విలోమ పద్యాలు ఎరిగినవారికి ఈ చమత్కారం కొత్త కాదు. కొత్త ఏమంటే, ఇక్కడ చమత్కారం అలంకారంగా మిగిలిపోక కథకు కార్యకారణమైంది. డ్రాగన్ గొర్రెలను ఎత్తుకుపోతూంటే బాబిన్ వాటికి పచ్చగడ్డి రంగు అద్ది కనబడకుండా చేస్తాడు. క్రియాపదం ఒక్కటీ తెరమీద లేకపోయినా ఆడేవాడు చేసే ప్రతి పనీ ఒక క్రియే. ఆటలో మూడు స్థాయులున్నాయి. అన్నిటికన్న కఠినమైన స్థాయిలో స్వరాలు కర్రపై కనబడవు, వినబడతాయి. చెవి ఉన్నవాడే ముందుకు పోగలడు.

బొమ్మలను గురించీ ఒక మాట. 16 రంగులే ఉన్న ఆ రోజుల్లో మార్క్ ఫెరారీ రెండు రంగుల చుక్కలను పక్కపక్కన పేర్చి, కన్ను వాటిని కలుపుకొని మూడవ రంగుగా భావించేటట్లు చేశాడు. రాత్రి ఆకాశపు నీలిమ ఆ విధంగా పుట్టింది. మగ్గంమీద వేర్వేరు రంగుల పడుగూ పేకా కలిసి మరొక ఛాయ చూపడం ఇటువంటిదే. అది వెనకటి కాలపు గుర్తుగా చేసిన పని కాదని మనవి. నాటి యంత్రం ఇచ్చిన హద్దులో ఒక చిత్రకారుడు కనుగొన్న ఉపాయం. నేడు కోట్ల రంగులు అందుబాటులో ఉండగా అదే చుక్కలను పేర్చేవారు ఎందుకు పేరుస్తున్నామో తమను తాము ప్రశ్నించుకోవాలి. ఛందస్సు అవసరం లేని కాలంలో కందం రాసే కవికి ఉన్న బాధ్యతే వారికీ ఉంది.

‘కొద్ది గడువులో ఇంతటి పని సాధ్యమా?’ అని అడిగేవారికి డేవ్ గిల్బర్ట్ రచన ‘ది షివా’ సమాధానం. ఇంగ్లండ్‌లో క్రిస్ జోన్స్ 1997లో విడుదల చేసిన సాధనమొకటి, తరువాత ఎడ్వెంచర్ గేమ్ స్టూడియో అన్న పేరుతో స్థిరపడి, సాహసక్రీడలను ఔత్సాహికుల చేతికి తెచ్చింది. దాన్ని వాడేవారు ప్రతి నెలా జరుపుకొనే పోటీలో గెలిచినవారు మరుసటి నెల ఇతివృత్తాన్ని నిర్ణయిస్తారు. 2006 జూన్ పోటీకోసం నెల రోజుల్లో తయారైనది ‘ది షివా’. కథానాయకుడు న్యూయార్క్‌లోని ఒక యూదు మతగురువు, రస్సెల్ స్టోన్. విశ్వాసం సన్నగిల్లిన దశలో ఒక హత్యకేసు అతని గుమ్మం తొక్కుతుంది. అది అద్భుతకథ కాదు. ఇక్కడ ప్రస్తావించడానికి కారణం వేరు. ‘మంకీ ఐలండ్’లో కత్తియుద్ధాలు నిజానికి తిట్లయుద్ధాలు. ఎదుటివాడి దూషణకు తగిన ఎదురుమాట చెప్పినవాడే గెలుస్తాడు. డేవ్ గిల్బర్ట్ ఆ పద్ధతిని గ్రహించి, తిట్టు స్థానంలో ప్రశ్నను పెట్టాడు. ప్రశ్నకు ప్రశ్నతోనే బదులివ్వడం యూదు గురువుల వాదసంప్రదాయం. సంభాషణలో ‘గురువు తరహా సమాధానం’ అనే ఎంపిక ఒకటి ఉంటుంది. చివరి పెనుగులాటలో గెలుపు దానితోనే వస్తుంది. అరువు తెచ్చిన రూపంలో తన ఇంటిమాట పలకడమంటే ఇది.

ఈ ఆలోచనలన్నీ నాకు పుస్తకాలవల్ల కలిగినవి కావు. కొంతకాలం క్రితం మా అక్కగారి మనవడు, అతని స్నేహితులిద్దరు రెండు వారాల గడువుగల ఒక గేమ్ జామ్‌లో పాల్గొంటూ, తెలుగు సంభాషణలు చూసిపెట్టమని నా దగ్గరకు వచ్చారు. ఇంజనీరింగు చదివే పిల్లలు. మొదట వాళ్ళు చూపిన కథలో మంచుకొండలు, మద్యశాల, పొడవాటి గడ్డం మాంత్రికుడు, కాపలా డ్రాగన్. “ఇవన్నీ ఎక్కడ చూశారు నాయనా?” అని అడిగాను. “పాత ఆటలు ఇలాగే ఉంటాయి తాతయ్యా” అన్నాడు మనవడు. వాళ్ళు పుట్టకముందు, వాళ్ళ తల్లిదండ్రులు కూడా ఆడని ఆటల జ్ఞాపకాన్ని వాళ్ళు తమదిగా భావిస్తున్నారు. మరొకరి బాల్యంపై బెంగ అది.

తెలుగువారికి అద్భుతరసపు బాల్యం లేకపోలేదు. 1947 జూలైలో మొదలైన ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యంగారు తన పేరు వేసుకోకుండా రాసిన ‘తోకచుక్క’, ‘మకర దేవత’, ‘రాకాసి లోయ’ వంటి ధారావాహికలకు, వాటికి చిత్రా గీసిన బొమ్మలకు ఎదురుచూసిన తరం ఇంకా మన మధ్య ఉంది. అంతకుముందే మధిర సుబ్బన్న దీక్షితులుగారి ‘కాశీమజిలీ కథలు’ ఉన్నాయి. కాశీకి పోయే మణిసిద్ధుడు ఒక పశులకాపరి కుర్రవాణ్ణి తోడు తీసుకొంటాడు. ప్రతి మజిలీలోనూ ఆ కుర్రవాడు ఊరు చూసి వస్తాడు. అక్కడ కంటబడిన వింతను గురించి అడుగుతాడు. గురువు దాని వెనకనున్న కథ చెప్పాలి, అది వాళ్ళ ఒప్పందం. ఈ చట్రాన్ని ఆ పిల్లలకు వివరిస్తూండగా నాకే ఆశ్చర్యం కలిగింది. కొత్త చోటికి చేరడం, అటూ ఇటూ తిరగడం, వింతవస్తువును వేలెత్తి చూపడం, దాని కథ తెలుసుకొని తదుపరి మజిలీకి సాగడం, చూపి నొక్కే సాహసక్రీడ చేసేది ఇదే కదా. పిల్లలకు డ్రాగన్‌ను వదులుకోవడానికి ఒక రాత్రి పట్టింది.

కథ కుదిరిన తరువాత అసలు చిక్కు మొదలైంది. పాత ఆటల తొమ్మిది క్రియలను వాళ్ళు తెలుగు చేసి తెర అడుగున పేర్చారు. ఇవ్వు, తెరువు, మూయి, తీసుకో, చూడు, మాట్లాడు, నెట్టు, లాగు. తొమ్మిదవది, ఇంగ్లీషులో అన్నిటికన్న ఎక్కువగా పనికివచ్చేది, ‘వాడు’. ఆ మీటను నొక్కి దీపాన్ని నొక్కితే వాక్యవరుసలో ‘వాడు దీపం’ అని వచ్చింది. మనవడి స్నేహితుడు తన చెల్లెలికి చూపిస్తే, “ఎవడు దీపం?” అని అడిగిందట. నవ్వుకొన్నాం. కాని అది నవ్వి వదిలేయదగిన విషయం కాదు. క్రియ ముందు, కర్మ వెనుక అనే ఇంగ్లీషు వాక్యక్రమం ఆ యంత్రాంగపు ఎముకల్లో ఉంది. మాటలు మార్చినా ఎముకలు మారలేదు.

అంతకన్న పెద్ద చిక్కు విభక్తులది. ఇంగ్లీషులో ‘దీపం’, ‘ముసలివాడు’ అన్న రెండు మాటల నడుమ ఒక చిన్న పదాన్ని ఇరికిస్తే వాక్యం సిద్ధమవుతుంది. నామరూపం చెక్కు చెదరదు. తెలుగులో నామం మారుతుంది. గోడకు ‘కు’ చేరుతుంది గనుక నీరుకు కూడా ‘కు’ చేర్చమని యంత్రానికి చెబితే ‘నీరుకు’ అంటుంది. నీటికి, ఇంటికి, ఏటికి, రాతికి, కాలికి అనే రూపాలు దానికెలా తెలుస్తాయి? చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఔపవిభక్తికాలని చెప్పిన ఇ, టి, తి వర్ణాలను ఇంజనీరింగు విద్యార్థులు ముగ్గురు అర్ధరాత్రి నన్ను అడిగి తెలుసుకొన్నారంటే చదువరులు నమ్మకపోవచ్చు. ప్రతి వస్తువుకూ రెండు పేర్లు, ప్రథమారూపమొకటి, విభక్తి చేరే రూపమొకటి, పట్టికలో దాచుకోవలసి వచ్చింది. తరగతిగదిలో వాళ్ళకు ప్రాణసంకటంగా తోచిన వ్యాకరణం ఇక్కడ పనిముట్టయింది.

వాక్యక్రమాన్ని కూడా తిప్పారు. ముందు వస్తువును నొక్కాలి, తరువాత క్రియ. ‘దీపం’ నొక్కితే వాక్యవరుసలో ‘దీపాన్ని’ అని వచ్చి ఆగుతుంది. ఆ తరువాత ‘అవ్వకు’, చివర ‘చూపు’. తెలుగు వాక్యం ఎలా నడుస్తుందో అలాగే చెయ్యి నడుస్తుంది. విచిత్రమేమంటే, ఇంగ్లీషు ఆటలే తరువాతి కాలంలో ఈ క్రమానికి వచ్చాయి. 1997 నాటి ‘కర్స్ ఆఫ్ మంకీ ఐలండ్’లో వస్తువుపై మౌస్‌ను నొక్కి పట్టుకొంటే ఒక నాణెం ప్రత్యక్షమవుతుంది. దానిపై చెయ్యి, పుర్రె, చిలుక. ముట్టుకోవడం, చూడడం, మాట్లాడడం. వస్తువు ముందు, క్రియ వెనుక. వారికి అది సౌలభ్యంకోసం చేసిన మార్పు. మనకు సహజవ్యాకరణం.

క్రియలను తగ్గించే సందర్భంలో మరొక సంగతి బయటపడింది. తెలుగులో కొన్ని విధిరూపాలు నామవాచకాలు కూడా. ‘అడుగు’ ప్రశ్నించమనే ఆజ్ఞ, పాదన్యాసమూ అదే. ‘తెరువు’ తలుపు తీయమనడం, దారి కూడా. ‘చూపు’ చూపించమనడం, దృష్టి కూడా. ‘పట్టు’ పట్టుకోమనడం, పట్టుదల కూడా. చివరకు ఈ నాలుగే మిగిలాయి. నేలను నొక్కి ‘అడుగు’ను నొక్కితే కుర్రవాడు నడుస్తాడు. మనిషిని నొక్కి అదే మాటను నొక్కితే ప్రశ్నిస్తాడు. ఒక మీటకు రెండు పనులు, శ్లేష దానంతట అదే సమకూరింది. ‘లూమ్’లో విలోమం చేసిన పనిని ఇక్కడ భాష చేసిపెట్టింది.

ఇక మర్యాద ప్రశ్న. ఇంగ్లీషు ఆజ్ఞకు అంతస్తు లేదు. తెలుగులో ‘అడుగు’ అనాలా, ‘అడగండి’ అనాలా? అసలు తెరమీది ఆజ్ఞ ఎవరు ఎవరికి చేస్తున్నారు? పాత ఆటలు ఈ ప్రశ్న వేసుకోలేదు, వేసుకోవలసిన అవసరం వాటికి లేకపోయింది. మజిలీకథల చట్రం దీనికి జవాబిచ్చింది. పిల్లల కథలో గురువు అంధుడు. మజిలీలో చెట్టుకింద కూర్చొని, కుర్రవాణ్ణి ఊళ్ళోకి పంపుతాడు. ఆజ్ఞలు గురువువి, అంటే ఆడేవారివి. అందుచేత ‘అడుగు’, ‘చూపు’. కుర్రవాడు మాత్రం “అయ్యవారూ, ఇది బావి కాదండీ, బావిలాగ కట్టిన గోపురమండీ” అని బహువచనంతో విన్నవిస్తాడు. ఏకవచన బహువచనాల ఈ చిన్న ఏర్పాటుతో పాత్రలిద్దరూ ఎవరో ఒక్క వాక్యం పరిచయం లేకుండా తెలిసిపోయింది. చుక్కల బొమ్మ ఎలాగూ అస్పష్టమే. ఆ నల్లని మరక రాయో, నిద్రపోతున్న మనిషో చెప్పవలసింది కుర్రవాడి మాటే. తక్కువ చుక్కల తెరకు ఇంతటి కథాపరమైన సమర్థన నేను మరెక్కడా చూడలేదు.

అక్షరాల సంగతి ఇంత సుఖంగా తేలలేదు. 320 × 200 తెరలో ఇంగ్లీషు అక్షరానికి ఎనిమిది చుక్కల ఎత్తు, ఎనిమిది చుక్కల వెడల్పు చాలు. ఆ తెరలు ఆ అక్షరంకోసం కొలిచినట్టే ఉంటాయి. తెలుగు అక్షరం మూడంతస్తుల మేడ. పైన తలకట్టు, గుడి, ఏత్వం. నడుమ హల్లు. కింద ఒత్తులు. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ అన్న మాటలను ఎనిమిది వరుసల్లో గీయడం ఎవరి తరమూ కాదు. పదహారు వరుసల్లో చదవడానికి వీలుగా గీయవచ్చు, వరుసకూ వరుసకూ ఎడమిస్తే పద్ధెనిమిది. ‘మంకీ ఐలండ్’ రెండవ భాగం నాటి పద్ధతిలో 200 వరుసల్లో బొమ్మకు 144 పోగా మాటలకు, వస్తువుల సంచికి మిగిలేవి 56. ఇంగ్లీషులో అక్కడ ఏడు వరుసలు పడతాయి, తెలుగులో మూడు. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నాటి మొదటి ప్రతిలోనే చోటు దక్కింది. అయితే సంకేతాలుండడం వేరు, వాటిని కలిపి ఒత్తులుగా కూర్చే యంత్రాంగం ప్రతి చిన్న సాధనంలోనూ ఉండడం వేరు. పిల్లలు వాడిన పనిముట్టు అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చింది గాని కూర్చలేదు. ఒత్తు పొల్లై పక్కకు వచ్చి నిలబడింది.

మూడవ రోజున వాళ్ళు దాదాపు ఇంగ్లీషుకు మారిపోయారు. ఆ సాయంత్రం నేను వాళ్ళకు చెప్పినది జపానువారి ఉదాహరణ. స్కమ్ ఆటలు ఎఫ్.ఎం. టౌన్స్ అనే జపాను కంప్యూటర్‌కు వెళ్ళినప్పుడు ఇదే కష్టం ఎదురైంది. కాంజీ అక్షరం కూడా ఎనిమిది చుక్కల్లో ఒదగదు. వాళ్ళు బొమ్మను పాత కొలతలోనే ఉంచి, దానిపై మరింత సూక్ష్మమైన చుక్కలుగల మరొక పొరలో అక్షరాలను నిలిపారు. బొమ్మకు ఒక కొలత, మాటకు ఒక కొలత. పాతశైలి అంటే 320 × 200 అని శిలాశాసనం ఏదీ లేదన్నమాట. ఆ కాలంలోనే, ఆ ఆటల్లోనే, భాష కోరినప్పుడు కొలత మారింది. పిల్లలు ఆ మార్గమే పట్టారు. ప్రతి వాక్యాన్నీ విడిగా ఒక బొమ్మగా తయారుచేసి పైపొరలో అతికించారు. వాక్యం మార్చాలంటే బొమ్మ మళ్ళీ గీయాలి. దానివల్ల ఒక మేలు కూడా జరిగింది. వాక్యాలు పొట్టివయ్యాయి, అనవసరపు విశేషణాలు రాలిపోయాయి. ఆడేవారు తప్పు ప్రయత్నం చేసిన ప్రతిసారీ ‘అది కుదరదు’ అనే అరిగిపోయిన మాటకు బదులు కుర్రవాడు ఏదో ఒకటి కొత్తగా అంటాడు. ఎలాగూ చేత్తో గీయాలి గనుక ప్రతిదీ చేత్తో రాశారు.

ప్రభుత్వాలు ఈ రంగాన్ని గమనించకపోలేదు. తెలంగాణ ప్రభుత్వం 2016లో యానిమేషన్, గేమింగ్ రంగాలకు ‘ఇమేజ్’ పేరిట ప్రత్యేక విధానాన్ని ప్రకటించింది. 2022 కేంద్ర బడ్జెట్‌లో ఇదే రంగానికి కార్యదళ ప్రతిపాదన వచ్చింది. పెట్టుబడి, ఉపాధి అవసరమే. అధికారులైన పాఠకులకు నా విన్నపం మాత్రం చాలా చిన్నది. పదహారు వరుసల్లో ఒదిగే, ఎవరైనా ఉచితంగా వాడుకోదగిన చుక్కల తెలుగు లిపి ఒకటి, నామాలకు విభక్తిరూపాల పట్టిక ఒకటి. ఒక విశ్వవిద్యాలయ శాఖ ఒక విద్యాసంవత్సరంలో చేయగల పని. ఇవి లేనందువల్ల మూడవ రోజున ఇంగ్లీషుకు మారిపోయిన పిల్లలు ఏ పట్టికలోనూ కనబడరు.

ఆ ఆటను మరునాటి ఉదయం చదివే పద్యంలా చూశాను. లోపాలున్నాయి. మొదటి రెండు మజిలీలపై పెట్టిన శ్రద్ధ మూడవదానిపై లేదు. గడువు తరిమిన జాడ తెలుస్తూనే ఉంది. రాన్ గిల్బర్ట్ 1989లోనే సాహసక్రీడల దోషాలను చర్చిస్తూ రాసిన వ్యాసంలో తాళం కనబడకముందే తాళంచెవి దొరకడాన్ని ఒక దోషంగా ఎత్తిచూపాడు. వీళ్ళ రెండవ మజిలీలో సరిగ్గా అదే జరిగింది. గంట ఎందుకో తెలియకముందే గంట నాలుక కుర్రవాడి మూటలో చేరుతుంది. సంగీతం అంతటా ఒకే తీరుగా సాగి విసిగిస్తుంది. పెద్ద లోపం ముగింపులో ఉంది. ఆడినంతసేపూ అంధుడైన గురువు మనమేనని వాక్యనిర్మాణమే మెల్లమెల్లగా తెలియజేసింది. చివరి దృశ్యంలో కుర్రవాడు మనవైపు తిరిగి ఆ మాటను నోరు విప్పి చెప్పేస్తాడు. ధ్వనిగా ఉన్నంతసేపు వెలిగినది వాచ్యమై ఆరిపోయింది.

పోటీలో ఆ ఆటకు ఏ బహుమతీ రాలేదు. అక్షరాలు అందంగా ఉన్నాయని తెలుగు రానివారు కొందరు రాశారట. ఆ చివరి దృశ్యం తీసేయమని మనవడికి చెప్పాను. “అది గీయడానికే రెండు రాత్రులు పట్టింది తాతయ్యా” అన్నాడు. ఇంకా తీయలేదు.